నేపుల్స్‌లో ఓడ ఎక్కే రోజు, దిగే రోజు ఎక్కడ తినాలి? అమ్మ శాకాహారి

తొలి_అల:

సెప్టెంబర్‌లో అమ్మానాన్నలతో నేపుల్స్ నుంచి 7 రాత్రుల క్రూజ్‌కి వెళ్తున్నాం. ముందురోజు రాత్రికే ఊరు చేరతాం, హోటల్ పోర్టుకి దగ్గరే. ఓడ సాయంత్రం 6కి కదులుతుంది, మేం 4 లోపు ఎక్కేయాలి. వారం తర్వాత శనివారం పొద్దున 8 గంటలకి దించేస్తారు, మా ఫ్లైటేమో రాత్రి 9కి. అంటే వెళ్లేటప్పుడు ఒక పూట, వచ్చాక దాదాపు రోజంతా మా చేతిలో ఉంటుంది.

అమ్మ మాంసం, చేప, గుడ్డు ఏదీ ముట్టదు. నాన్నకి చేపలంటే ఇష్టం, కానీ మోకాళ్ల నొప్పి, ఒకేసారి పది నిమిషాలకి మించి నడవలేరు. ఓడ ఎక్కేముందే పేరున్న పిజ్జా షాపుకి వెళ్లొచ్చేద్దామని నా ప్లాన్. వీలవుతుందా? అమ్మ ఎక్కడ పస్తు ఉండిపోతుందో అని టెన్షన్‌గా ఉంది.

రెండో_కాఫీ:

పిజ్జా సంగతి తెలిసినవాళ్లు చెప్తారు, నేను కాఫీ గురించి చెప్తాను. బార్‌లో కౌంటర్ దగ్గర నిలబడి తాగితే ఎస్ప్రెసో సుమారు ఒక యూరో, యూరోన్నర. కూర్చుంటే రేటు మారిపోతుంది. చాలా చోట్ల ముందు క్యాష్ దగ్గర డబ్బు కట్టి, ఆ రసీదు కౌంటర్ మీద పెట్టాలి. పక్కన చిన్న గ్లాసుతో నీళ్లిస్తారు, అవి కాఫీకి ముందు తాగేవి. మీ నాన్నగారు కూర్చోవాలంటే శాన్ కార్లో ఒపేరా హౌస్ ఎదురుగా గాంబ్రినస్ ఉంది, 1860 నాటి కేఫ్. ఖరీదే, కానీ ఆ వయసువాళ్లకి అక్కడ ఒక అరగంట కూర్చోబెట్టడం దండగ కాదు.

ఉప్పుగాలి:

ఓడ ఎక్కే రోజు మాత్రం పేరున్న పిజ్జా షాపు పెట్టుకోకండి. రెండేళ్ల క్రితం మేం చేసిన పొరపాటు అదే. అత్తగారు, మా ఆయన, నేను. మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి వెళ్లి నంబర్ చీటీ తీసుకున్నాం. కూర్చోవడానికి ఏమీ లేదు, అందరూ రోడ్డు మీదే నిలబడి ఉన్నారు. లోపలినుంచి ఒకాయన ఇటాలియన్‌లో నంబర్లు పిలుస్తుంటే, ఏది మాదో అని చెవులు రిక్కించుకుని నిలబడ్డాం. మూడుకి పది నిమిషాలున్నప్పుడు కూడా మా ముందు ముప్పై నంబర్లు. అత్తగారి కాళ్లు వాచిపోయాయి. చీటీ పక్కన పడేసి టాక్సీ ఎక్కాం. ఓడ అందింది, కానీ పొద్దున తాగిన కాఫీ తప్ప ఆవిడ కడుపులో ఏమీ లేదు. ఆ రోజు ఆవిడ ముఖం ఇప్పటికీ గుర్తే.

అప్పటినుంచి ఎవరడిగినా ఒకటే చెప్తున్నాను. ఎక్కే రోజు చేత్తో పట్టుకుని తినేవి తినండి, కూర్చుని తినే భోజనం దిగిన రోజుకి ఉంచుకోండి.

నేపుల్స్‌లో అదృష్టం ఏంటంటే పోర్టు ఊరి మధ్యలోనే ఉంది. ఓడలు ఆగే టెర్మినల్ స్తజియోనె మరిత్తిమ నుంచి రోడ్డు దాటితే పాత కోట, దాని పక్కనే మునిచీపియో మెట్రో స్టేషన్. అక్కడినుంచి ఒకే ఒక్క స్టాప్, తొలేదో. నాన్నగారి మోకాళ్లకి నడక కన్నా అదే మేలు. పైగా ఊరంతా నల్లరాతి పలకల దారులు, ఎగుడు దిగుడు, మంచి చెప్పులు వేయించండి. తొలేదోలో దిగి కొంచెం లోపలికెళ్తే పిన్యసెక్క అనే సంత వీధి. కూరగాయలు, చేపలు, వేపుళ్లు, అరుపులు, అంతా అక్కడే.

ఆ చుట్టుపక్కల 'పిజ్జా ఆ పొర్తఫొల్యో' అడగండి. చిన్న పిజ్జాని నాలుగు మడతలు పెట్టి కాగితంలో చుట్టి ఇస్తారు, పర్సులా ఉంటుందని ఆ పేరు. రెండు మూడు యూరోలకి వచ్చేస్తుంది. మడత కొనని పైకి పెట్టి పట్టుకోవాలి. కిందికి వాలిస్తే వేడి టమాటా రసం మోచేతిదాకా కారిపోతుంది, మా ఆయన చొక్కా అలాగే పోయింది.

అమ్మగారికి మారినారా పిజ్జా చెప్పండి. పేరు చూసి చేప అనుకుని చాలామంది వదిలేస్తారు. నేపుల్స్‌లో అది టమాటా, వెల్లుల్లి, ఓరిగానో, ఆలివ్ నూనె, అంతే. చీజ్ కూడా ఉండదు. నావికులు తినేది కాబట్టి ఆ పేరొచ్చిందంటారు, ఓడ ఎక్కేముందు తినడానికి అంతకన్నా ఏం కావాలి! మార్గరీటా కూడా మంచిదే, కానీ మొజారెల్లాని మామూలుగా దూడ పొట్టలోని రెన్నెట్‌తో విరుస్తారు. ఆవిడ అంత పట్టింపుగా ఉంటారో లేదో ముందే అడిగి పెట్టుకోండి.

ఇక అసలు జాగ్రత్త. ఈ ఊళ్లో మాంసం కనిపించదు గానీ పంది కొవ్వు చాలా వాటిలో ఉంటుంది. దాన్ని స్త్రుత్తో అంటారు, ఇక్కడివాళ్ల మాటలో సూన్యా. బాదం పప్పులు గుచ్చి, మిరియాలు వేసి గుండ్రంగా చేసే తరాల్లి చూడటానికి చేగోడీల్లా ఉంటాయి. అత్తగారు రెండు తిన్నారు. తర్వాత ప్యాకెట్ వెనక పదార్థాల జాబితా చదివాను. చెప్పకుండా ఉండలేకపోయాను. ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు, ప్యాకెట్ నెమ్మదిగా మడిచి నా చేతిలో పెట్టారు. మీ అమ్మగారికి అది జరగకూడదనే ఇంత రాస్తున్నాను. స్ఫొల్యతెల్లె అనే పొరల మిఠాయి కూడా అంతే, పొరల మధ్య కొవ్వు పూస్తారు, లోపల గుడ్డు కూడా ఉంటుంది. బాబా అనే కేకులో గుడ్డు ఉంటుంది. వేయించిన పిజ్జాలో రికోటా అనే మెత్తటి చీజ్‌తో పాటు పంది మాంసపు ముక్కలు పెడతారు. 'జెనొవేసె' అని మెనూలో కనిపిస్తే పెస్తో (తులసి జాతి ఆకుల పచ్చడి) అనుకోకండి, ఉల్లిపాయలతో గంటలకొద్దీ ఉడికించిన మాంసం అది.

ఒక కాగితం మీద పెద్దక్షరాలతో ఇలా రాసుకోండి: సెంజా కార్నె, సెంజా పెషె, సెంజా ఊవొ, సెంజా స్త్రుత్తో. మాంసం, చేప, గుడ్డు, కొవ్వు లేకుండా అని. ఇటాలియన్ అక్షరాల్లో రాయించుకుని చూపిస్తే ఇంకా మంచిది.

ఎండగా ఉంటే నిమ్మకాయ నీళ్ల కియోస్క్ దగ్గర ఆగండి. చేతి నిండా పట్టే నిమ్మకాయ పిండి, సోడా నీళ్లు పోసి, చివర్లో చెంచా బేకింగ్ సోడా వేస్తారు. బుస్సున నురగ పొంగి గ్లాసు దాటిపోతుంది. కాళ్లు ఎడంగా పెట్టి, ముందుకి వంగి, గబగబా తాగేయాలి. అక్కడివాళ్లు ఆ పానీయానికి పెట్టిన పేరు కూడా అదే, కాళ్లు ఎడం చేసి తాగే నిమ్మరసం అని.

తొలి_అల:

అండీ, ఎంత సాయం చేశారో! తరాల్లి సంగతి మాకసలు తెలియదు, అమ్మ కచ్చితంగా కొనేది. దిగిన రోజు సంగతి కూడా చెప్పండి. సూట్‌కేసులు నాలుగున్నాయి. నాన్నకి చేపల భోజనం ఒక్కటైనా మంచిది పెట్టించాలని ఉంది.

ఉప్పుగాలి:

దిగగానే టాక్సీలో గరిబాల్ది దగ్గరున్న సెంట్రల్ స్టేషన్‌కి వెళ్లి లగేజ్ డిపాజిట్‌లో పెట్టేయండి. సాయంత్రం ఎయిర్‌పోర్ట్ బస్సు అలీబస్ కూడా అక్కడినుంచే దొరుకుతుంది. పొద్దున 9కి హోటళ్లేవీ తెరవవు, భోజనాలు పన్నెండున్నర నుంచి మూడు దాకా, ఆ తర్వాత చాలా వంటిళ్లు మూసేస్తారు. మూడున్నరకి వెళ్లి తలుపు తట్టకండి.

మీరు ఎదురుచూస్తున్న పిజ్జాకి ఇదే రోజు. పాత ఊళ్లో వియా దెయ్ త్రిబునాలి అనే వీధి పొడుగునా పిజ్జా షాపులే. కూర్చుని తినే మార్గరీటా ఆరేడు యూరోల నుంచి మొదలవుతుంది. తొంభై సెకన్లలో కాలుతుంది కాబట్టి మధ్యలో మెత్తగా, తడిగా ఉంటుంది. పచ్చిగా ఉందని అమ్మగారు అనుకోవచ్చు, అది పచ్చి కాదు.

చేపలకి మాత్రం చిన్న త్రత్తొరియా, అంటే ఇంటి తరహా భోజనశాల, వెతకండి. గవ్వల (చిన్న ఆల్చిప్పల) స్పగెట్టి, వేయించిన అంచోవీలు అనే చిన్న చేపలు చెప్పండి. అదే చోట అమ్మగారికి టమాటా స్పగెట్టి. పక్కనే ఉన్న గ్రన్యానో ఊరి ఎండు పాస్తా అయితే గోధుమ రవ్వ, నీళ్లే, గుడ్డుండదు. దానికి తోడు ఫ్రియారియెల్లి, వెల్లుల్లి, ఎండుమిర్చి వేసి నూనెలో మగ్గించిన కొంచెం చేదు ఆకుకూర. అత్తగారు రెండుసార్లు అడిగి వేయించుకున్నారు. వంకాయ పర్మిజాన (వంకాయ, టమాటా, చీజ్ పొరల వంటకం) చెప్పేముందు అడగండి, కొందరు వంకాయ ముక్కల్ని గుడ్డులో ముంచి వేయిస్తారు. బిల్లులో మనిషికి ఇంత అని కొపెర్తో ఉంటుంది, కూర్చున్నందుకు, బ్రెడ్‌కి. మోసం కాదు, గొడవ పడకండి.

కెరటం_పక్కన:

నాన్నగారికి చేపలంటే కస్తెల్ దెల్లోవో కోట కింద బోర్గో మరినారి అనే చిన్న రేవు ఉంది కదా? పడవల పక్కనే టేబుళ్లు.

ఉప్పుగాలి:

అందంగా ఉంటుంది, నిజమే. కానీ సముద్రాన్ని చూపించినందుకు కూడా బిల్లు వేస్తారు. వారమంతా సముద్రం మీదే గడిపి వచ్చినవాళ్లకి అది అక్కర్లేదనిపిస్తుంది నాకు.

తొలి_అల:

నిన్ననే తిరిగొచ్చాం. కాగితం పట్టుకెళ్లాం. ఎక్కే రోజు పిన్యసెక్కలో అమ్మ మడత పిజ్జా ఒకటి తిని, ఇంకోటి కట్టించుకుని ఓడలోకి తీసుకెళ్లింది. శనివారం త్రిబునాలిలో జనం విపరీతం, పన్నెండుకే వెళ్లి తలుపు దగ్గర నిలబడ్డాం కాబట్టి వెంటనే కూర్చోబెట్టారు. త్రత్తొరియాలో కాగితం చూపిస్తే వంటావిడ బయటికొచ్చి మెనూలో పర్మిజాన మీద వేలుపెట్టి కాదని తలాడించింది, కింద మూడు వంటలు చూపించింది. నాన్న గవ్వలన్నీ లెక్కపెట్టి మరీ తిన్నారు. ఫ్రియారియెల్లి అమ్మకి బాగా నచ్చింది, విత్తనాలు దొరుకుతాయా అని అడుగుతోంది. ఎవరికైనా తెలుసా?