పరిశ్రమ ఒక పంచాయతీలో, అవసరాలు ఐదు పంచాయతీల్లో: ఉమ్మడిగా నిధులు సమకూర్చుకునే దారి ఏది?

ప్రశ్న: వార్డు సభ్యుడు, ఆంధ్రప్రదేశ్

మా మండలంలోని పారిశ్రామిక వాడ మొత్తం ఒకే గ్రామ పంచాయతీ హద్దులో ఉంది. అక్కడ పనిచేసే కార్మికులు అద్దెకు ఉంటున్నదీ, లారీల రాకపోకలతో రోడ్లు దెబ్బతింటున్నదీ, తాగునీటికి ఒత్తిడి పెరిగిందీ మాత్రం చుట్టుపక్కల ఉన్న నాలుగు పంచాయతీల్లో. ఐదు పంచాయతీలూ కలిసి ఒక అనుసంధాన రహదారి, ఒక సంత ప్రాంగణం, స్థానిక యువతకు ఆ పరిశ్రమల్లోనే ఉద్యోగాలు దొరికేలా ఒక వృత్తి శిక్షణ కేంద్రం ఏర్పాటు చేసుకోవాలని ఆలోచిస్తున్నాం. ఇలా నిధులు కలపడానికి చట్టం ఒప్పుకుంటుందా, ఆర్థిక సంఘం నిధులు వాడవచ్చా, రేపు పాలకవర్గం మారి ఒక పంచాయతీ తప్పుకుంటే మిగిలినవారి గతి ఏమిటి అన్నవి మా సందేహాలు. అనుభవం ఉన్నవారు వివరంగా చెప్పగలరని మనవి.

జవాబు 1: పంచాయతీరాజ్ శాఖ విశ్రాంత ఉద్యోగి

చట్టం అడ్డు కాదు. ఒకటి కంటే ఎక్కువ స్థానిక సంస్థలకు బాధ్యత ఉన్న పని కోసం ఉమ్మడి కమిటీ వేసుకునే వెసులుబాటు 1994 నాటి ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టంలో ఉంది. మీరు చెప్పిన రోడ్లు, సంతలు, వృత్తి శిక్షణ, తాగునీరు కూడా పంచాయతీలకు అప్పగించదగినవిగా రాజ్యాంగం పదకొండో షెడ్యూలు పేర్కొన్న 29 అంశాల్లోనివే.

చిక్కంతా డబ్బు దగ్గర వస్తుంది. 15వ ఆర్థిక సంఘం 2021–26 కాలానికి గ్రామీణ స్థానిక సంస్థలకు 2,36,805 కోట్ల రూపాయలు సిఫార్సు చేసినా, అందులో 60 శాతం తాగునీటికీ పారిశుద్ధ్యానికీ ముడిపెట్టిన నిధులు. మిగిలిన 40 శాతాన్ని జీతాలకు, కార్యాలయ ఖర్చులకు తప్ప స్థానిక అవసరాలకు వాడుకోవచ్చన్నది ఆ కాలపు నిబంధన. ఆ లెక్కన రహదారికీ శిక్షణ కేంద్రానికీ మీ చేతిలో ఉండేది ఈ చిన్న భాగమే. దాన్ని కూడా ఐదు పంచాయతీలు విడివిడిగా తమ గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళికల్లో చేర్చి, గ్రామసభల్లో ఆమోదం పొందాలి. ఒక్క ప్రణాళికలో ఆ పద్దు లేకపోయినా ఆ పంచాయతీ వాటా రాదు కనుక, తీర్మానాల నకళ్లన్నీ ముందే ఒకచోట పెట్టుకోండి.

పారిశ్రామిక వాడ ఐలా (పారిశ్రామిక ప్రాంత స్థానిక పాలనా సంస్థ) పరిధిలో ఉందా లేదా అన్నది కూడా చూడండి. ఐలా ఉన్నచోట పన్ను వసూలు చేసేది పంచాయతీ కాదు. వసూలైన ఆస్తి పన్నులో 35 శాతం స్థానిక సంస్థకు చెల్లించాలన్నది ఉమ్మడి రాష్ట్రంలో ఏర్పడిన పద్ధతి. మీ ఐలాకు ఇప్పుడు వర్తిస్తున్న ఉత్తర్వు ఏదో కనుక్కోండి. ఆ వాటా కూడా భూమి ఉన్న పంచాయతీకే చేరుతుంది తప్ప పొరుగు పంచాయతీలకు రాదు. మీ సమస్యకు మూలం అక్కడే ఉందని నా అభిప్రాయం.

కేంద్రం 2016లో ప్రారంభించిన రూర్బన్ మిషన్ పక్కపక్కన ఉన్న పంచాయతీలను సమూహంగా తీసుకుని, మైదాన ప్రాంతాల్లో సమూహానికి గరిష్ఠంగా 30 కోట్ల రూపాయల వరకు లోటు భర్తీ నిధి (ఇతర పథకాల డబ్బు చాలనిచోట ఇచ్చే నిధి) ఇచ్చింది. పైనుంచి డబ్బు వచ్చినంత కాలం అందరూ కలిసి కూర్చుంటారు. అది ఆగాక కూడా కలిసి ఉండాలంటే మీకంటూ సొంత ఆదాయ సూత్రం ఉండాలి.

జవాబు 2: పురపాలక ఆర్థిక వ్యవహారాల్లో పనిచేసినవాడిని, చెన్నై

పై జవాబులోని చివరి మాటకు ఇక్కడి ఉదాహరణ ఒకటి జోడిస్తాను. తమిళనాడులో 13 చిన్న పట్టణ స్థానిక సంస్థలకు నీరు, మురుగునీటి పనుల కోసం విడివిడిగా మార్కెట్‌లో అప్పు పుట్టే అవకాశం లేదు. 2002లో రాష్ట్రం ఏర్పాటు చేసిన ఉమ్మడి నిధి వాటన్నిటి తరఫునా బాండ్లు జారీ చేసి 30.41 కోట్ల రూపాయలు సేకరించింది. మదుపుదారులు నమ్మింది ఆ ఊళ్ల మంచితనాన్ని చూసి కాదు. పట్టణాల ఆదాయాన్ని ముందుగా ప్రత్యేక ఖాతాలో జమ చేయడం, ఎవరైనా వాయిదా తప్పితే రాష్ట్రం ఇవ్వాల్సిన నిధుల్లోంచి మినహాయించుకోవడం, దానిపైన అసలులో సగానికి అమెరికా సహాయ సంస్థ హామీ ఉండడం వల్ల నమ్మారు. బెంగళూరు చుట్టూ ఉన్న ఎనిమిది పట్టణ సంస్థల కోసం కర్ణాటక కూడా 2005లో ఇదే తీరులో 100 కోట్ల రూపాయలు సేకరించింది.

పంచాయతీలు బాండ్ల దాకా వెళ్లనక్కరలేదు. అయితే మీరు అడిగిన మూడో సందేహానికి, అంటే ఎవరైనా తప్పుకుంటే ఏమిటన్నదానికి, జవాబు ఇందులోనే ఉంది. వాటా డబ్బు ఏటా సర్పంచ్ సంతకంతో కదిలేదిగా ఉండకూడదు, ఆదాయం వచ్చిన వెంటనే దానంతట అదే ఉమ్మడి ఖాతాలోకి వెళ్లాలి. ఆ మేరకు జిల్లా యంత్రాంగం నుంచి రాతపూర్వకమైన ఏర్పాటు సాధించండి.

జవాబు 3: మినియాపోలిస్‌లో స్థిరపడిన తెలుగువాడిని

మేముంటున్న మిన్నెసోటా రాష్ట్రం సరిగ్గా ఈ సమస్యకే 1971లో చట్టం చేసింది. మినియాపోలిస్, సెయింట్ పాల్ జంట నగరాల చుట్టూ ఉన్న ఏడు కౌంటీల్లోని (మన జిల్లాల వంటివి) స్థానిక ప్రభుత్వాలు, ఆ ఏడాది తర్వాత తమ హద్దుల్లో వాణిజ్య, పారిశ్రామిక ఆస్తుల పన్ను పునాది, అంటే పన్ను లెక్కించే ఆస్తి విలువ, ఎంత పెరిగితే అందులో 40 శాతాన్ని ఉమ్మడి రాశిలో కలపాలి. ఆ రాశిని జనాభానూ, తలసరి ఆస్తి విలువనూ బట్టి తిరిగి పంచుతారు. ఆస్తి విలువ తక్కువగా ఉన్న ఊరికి ఎక్కువ వాటా దక్కుతుంది.

బర్న్స్‌విల్ అనే ఊరు దీన్ని కోర్టులో సవాలు చేసింది. తమ ఊరి పన్ను పొరుగూళ్లకు ఎందుకు పోవాలన్నది దాని వాదన. రాష్ట్ర సుప్రీంకోర్టు 1974లో చట్టాన్ని సమర్థించింది. ఒక ఊళ్లో పెరిగే పరిశ్రమ లాభనష్టాలు ఆ ఊరి హద్దుతో ఆగవన్న విషయాన్ని అది గుర్తించడం నాకు న్యాయంగా తోస్తుంది. ఇందులో గమనించాల్సింది ఏమిటంటే, 1971 నాటికి ఉన్న ఆదాయాన్ని ఎవరి దగ్గరా తీసుకోలేదు, ఆ తర్వాత పెరిగినదానిలోనే వాటా అడిగారు.

ప్రశ్న అడిగిన సభ్యుడు

అందరికీ కృతజ్ఞతలు. మాది ఐలా పరిధిలోని వాడే. ఒక్క సందేహం మిగిలింది. అమెరికాలో చట్టం బలవంతం చేసింది. ఇక్కడ పరిశ్రమ ఉన్న పంచాయతీ తన వాటాను ఇష్టపడి ఎందుకు వదులుకుంటుంది?

జవాబు 1 రాసిన సభ్యుడు

ఇప్పుడొస్తున్న వాటాను అడిగితే వదులుకోదు, అడగడం కూడా ధర్మం కాదు. భూములిచ్చింది ఆ ఊరివారే. ఈ సంవత్సరం అందిన మొత్తాన్ని ఆధారంగా తీసుకుని, ఇకపై పెరిగేదానిలో మాత్రమే ఒక శాతం అడగండి. దానికి బదులుగా రహదారి మొదటి భాగం ఆ పంచాయతీ వైపు నుంచే మొదలుపెడతామని, శిక్షణ కేంద్రంలో వారి యువతకు నిర్దిష్టంగా సీట్లు ఉంటాయని ఉమ్మడి తీర్మానంలో రాయండి. వాడ విస్తరణకు కొత్త భూసేకరణ ప్రతిపాదన ఏదైనా ఉంటే ఆలస్యం చేయకండి, ఎందుకంటే కొత్త కర్మాగారాలకు పన్ను మొదలయ్యాక ఈ మాట ఎత్తితే ఎవరూ వినరు. రాజ్యాంగం 243జడ్‌డి అధికరణం కింద జిల్లా ప్రణాళికా కమిటీ పంచాయతీలకూ మునిసిపాలిటీలకూ మధ్య ఉమ్మడి ప్రయోజనం ఉన్న అంశాలను, నీటి పంపకాన్ని, మౌలిక వసతుల సమగ్ర అభివృద్ధిని పరిగణనలోకి తీసుకోవాలి. ఆ కమిటీలో కనీసం అయిదింట నాలుగు వంతుల సభ్యులు ఎన్నికైనవారే. మీ తీర్మానాలను మండల పరిషత్తు ద్వారా అక్కడికి పంపి, జిల్లా ముసాయిదా ప్రణాళికలో చేర్పించండి.