జనవరి 31కి ఒక నెల కలిపితే ఏ తేదీ రావాలి?

మిర్యాలగూడ_కోడర్: యాప్‌లు తయారుచేసే ఫ్లట్టర్‌లో చిట్టీల యాప్ చేస్తున్నా. 2025 జనవరి 31న మొదలైన చిట్టీకి, దాని కోడ్ రాసే భాష డార్ట్‌లో నెల అంకెకు ఒకటి కలిపితే తర్వాతి వాయిదా మార్చి 3 వచ్చింది. ఫిబ్రవరి మాయం. వాయిదాకు 30 రోజుల చొప్పున కలిపితే ఈ గొడవ ఉండదు కదా?

పాలమూరు_పిల్లగాడు: అన్నా, 30 కలిపినా మార్చి 2. ఫిబ్రవరి అప్పుడూ పోతుంది. ఫిబ్రవరి 31 అడిగితే డార్ట్ మిగిలిన మూడు రోజులను మార్చిలోకి తోస్తుంది. జావాస్క్రిప్ట్ భాష కూడా అంతే. కోట్లిన్ భాషలో ఉత్త తేదీని దాచే లోకల్‌డేట్‌కు, నెలలు కలిపే ప్లస్‌మంత్స్ వాడితే ఫిబ్రవరి 28 దగ్గర ఆగుతుంది.

మిర్యాలగూడ_కోడర్: అదీ చూశా. మార్చిలోనూ 28 ఇచ్చింది. 31 ఏమైంది?

పాలమూరు_పిల్లగాడు: వచ్చిన తేదీకే మళ్లీ నెల కలిపినట్టున్నావు. మొదటి తేదీని దాచుకొని దానికే 1, 2, 3 నెలలు కలుపు. ఫిబ్రవరి 28, మార్చి 31, ఏప్రిల్ 30 వస్తాయి.

సూర్యాపేట_07: టైమ్‌జోన్ కూడా చూసుకోండి. మన అర్ధరాత్రి యూటీసీలో, అంటే ప్రపంచ ప్రామాణిక సమయంలో, ముందురోజు సాయంత్రం 6:30. గంటలు లేకుండా ఉత్త తేదీనే దాచండి.

మిర్యాలగూడ_కోడర్: నేను 30 దగ్గరే ఉంటా. నెలంటే 30 రోజులే అని యాప్ రాయించుకునే ఆయనే చెప్పాడు.

దేవరకొండ_రైతుబిడ్డ: ఆయన వసూలు చేసేవాడా, కట్టేవాడా? మా నాయన బోరు కోసం అప్పు తెచ్చి ఆరేళ్లు ఉంచుకున్నాడు. ఆరేళ్లంటే 72 నెలలు. అప్పిచ్చినాయన రోజులు లెక్కేసి, 30తో భాగించి 73 నెలల మిత్తి రాశాడు. అదంతా కడితేనే ప్రామిసరీ నోటు చేతికిచ్చాడు.

మిర్యాలగూడ_కోడర్: మీ నాయన అప్పుకూ నా కోడ్‌కూ ఏం సంబంధం? నేనడిగింది చిట్టీ గురించి. నన్ను వడ్డీ వ్యాపారిని చేస్తారా?

పాలమూరు_పిల్లగాడు: కోపం వద్దన్నా, సంబంధం ఉంది. 20 నెలల చిట్టీలో మొదటి వాయిదా నుంచి చివరిదాకా 19 నెలలు. నీ లెక్కలో అది 570 రోజులు, క్యాలెండర్‌లో 578కి అటూ ఇటూ. వారానికి పైగా ముందే డబ్బు తెమ్మంటున్నావు. భాష ఏ తేదీ ఇస్తుందని ఇంతసేపు కొట్లాడాం, నెలంటే ఏంటో కట్టేవాళ్లను అడగనేలేదు.

మిర్యాలగూడ_కోడర్: సరే, ఆదివారం చిట్టీ పాట ఉంది. అందరినీ అడుగుతా. 28కి దింపడం మాత్రం నాకు ఇప్పటికీ నచ్చలేదు.

దేవరకొండ_రైతుబిడ్డ: అడిగింది చిట్టీ పుస్తకంలో కూడా రాయించు తమ్మీ. మా నాయన నోటులో ఆ ఒక్క మాట లేదు.