సముద్ర అవక్షేపాల్లోని రంపపు పళ్లు: భూమివా, మట్టివా?

శిలాలేఖ:
1993లో వాలే, మేనడియే అనే శాస్త్రవేత్తలు తూర్పు పసిఫిక్‌లో భూమధ్యరేఖ దగ్గర తవ్వితీసిన అవక్షేపాల (అడుగున పొరలుగా పేరుకున్న మట్టి) ఆధారంగా 40 లక్షల ఏళ్ల భూ అయస్కాంత తీవ్రతకు గ్రాఫు గీశారు. అందులో రంపపు పళ్లు కనిపించాయి: భూమి అయస్కాంత ధ్రువాలు తారుమారయ్యే ముందు తీవ్రత చాలాకాలం మెల్లగా పడిపోతుంది, ఆ తర్వాత చప్పున పుంజుకుంటుంది. ఇది భూమి స్వభావమేనని నా నమ్మకం. మీరేమంటారు?

కొలమానం:
నేను ఒప్పుకోను. మాగ్నటైట్ అనే అయస్కాంత ఖనిజపు రేణువులు అడుగుకు చేరేటప్పుడు భూ అయస్కాంత క్షేత్రం దిశకు తిరుగుతాయి. క్షేత్రం ఎంత బలంగా ఉంటే అంత బాగా సర్దుకుంటాయి. సూత్రం ఇంతే. కానీ రేణువులు ఎన్ని, ఎంత పెద్దవి అన్నదాన్ని బట్టి కూడా కొలత మారుతుంది. అందుకే నమూనాకు ప్రయోగశాలలో కృత్రిమంగా అయస్కాంతత్వం ఎక్కించి, సహజమైన విలువను దానితో భాగిస్తారు. ఉప్పునీటిలో బంకమట్టి ముద్దలు కట్టి రేణువులను బంధించేస్తుంది. ఆ ప్రభావం ఈ భాగహారంతో పోదు.

అంతకన్నా పెద్ద చిక్కును 1996లో కోక్, టాక్స్ ఎత్తిచూపారు. కొన్ని రేణువులు పూడిపోయాక కూడా చుట్టూ ఉన్న క్షేత్రం నుంచి అయస్కాంతత్వాన్ని కొద్దికొద్దిగా పోగుచేసుకుంటూనే ఉంటాయి. ధ్రువాల మార్పిడి జరిగిన వెంటనే పేరుకున్న పొరకు ఆ తర్వాత చాలాకాలం అదే దిశ కలిసివస్తుంది. మార్పిడికి కాస్త ముందు పేరుకున్న పొరకు ఎదురు దిశ తగిలి, ఉన్నది కూడా తగ్గుతుంది. తీవ్రత స్థిరంగా ఉన్నా సరే, రంపపు పన్ను పుట్టుకొస్తుంది!

శిలాలేఖ:
అలా తర్వాత చేరినదాన్ని, నమూనాను దశలవారీగా వేడిచేసి లేదా ఏకాంతర క్షేత్రంలో (దిశ మార్చుకుంటూ ఉండే అయస్కాంత క్షేత్రం) ఉంచి, ముందే తొలగిస్తారు కదండీ.

కొలమానం:
తొలగిస్తారు. పూర్తిగా పోయిందని చెప్పడానికి మళ్లీ ఆ మట్టే సాక్షి అయితే ఎలా?

ధ్రువరేఖ:
వేరే సాక్షి ఉంది: బెరీలియం-10. విశ్వకిరణాలు వాతావరణంలోని నైట్రోజన్, ఆక్సిజన్ పరమాణువులను ఢీకొన్నప్పుడు ఇది పుడుతుంది. అయస్కాంత కవచం బలహీనపడితే కిరణాలు ఎక్కువగా లోపలికి వస్తాయి, బెరీలియం పెరుగుతుంది. రేణువులు ఎటు తిరిగాయన్నదానితో దీనికి సంబంధమే లేదు. సుమారు 41,000 ఏళ్ల నాటి లాషాంప్ ఘటన (క్షేత్రం కొద్దికాలం తడబడి మళ్లీ పాత దిశకే వచ్చిన ఘటన), దాదాపు 7.7 లక్షల ఏళ్ల నాటి చివరి ధ్రువ మార్పిడి, రెండింటి దగ్గరా అవక్షేపాల్లో తీవ్రత పడిపోయింది, బెరీలియం పెరిగింది. అంటార్కిటికా మంచులోనూ ఆ పెరుగుదల ఉంది. మంచుకు మాగ్నటైట్‌తో పనిలేదు! లావా రాళ్లు అసలు విలువనే ఇస్తాయి గానీ, అగ్నిపర్వతం పేలిన క్షణాలకే పరిమితం. అవిచ్ఛిన్నమైన కథ కావాలంటే సముద్రపు అడుగుకే వెళ్లాలి.

అయితే శిలాలేఖ గారూ, మీ పక్షం కూడా పూర్తిగా నిలవదు. అనేక అవక్షేప స్తంభాల కొలతలను కలిపి 2005లో ప్రచురించిన 20 లక్షల ఏళ్ల రికార్డులో, మార్పిడికి ముందు 60 నుంచి 80 వేల ఏళ్ల పాటు క్షీణత, తర్వాత కొన్ని వేల ఏళ్లలోనే పునరుద్ధరణ కనిపించాయి. అసమానత ఉన్నట్టే. కానీ ఒక మార్పిడి నుంచి తర్వాతి మార్పిడి దాకా ఏకధాటిగా పడిపోయే వాలును ఇది రుజువు చేయదు.

కొలమానం:
లోతైన పతనాలు నిజమేనని నేనూ అంగీకరిస్తాను. నా పేచీ ఆ పొడవాటి వాలుతోనే. అదే వాలు బెరీలియంలోనూ అనేక మార్పిడుల వెంట కనిపిస్తే, అప్పుడు ఒప్పుకుంటాను.