హార్న్‌బీ డబ్లో 4498: అసలుదా, రంగు మార్చిందా?

అందరికీ నమస్కారం. మా బావగారు ఇంగ్లండ్ నుంచి హార్న్‌బీ డబ్లో బొమ్మ రైళ్ల బ్రాండువారి 'సర్ నైజెల్ గ్రెస్లీ' ఇంజన్ తెచ్చిచ్చారు. మూడు పట్టాల రకం, నీలం రంగు. అమ్మినాయన రెండో ప్రపంచ యుద్ధానికి ముందుదేనని ఒట్టేశాడట! నంబరు 4498 అనే ఉంది గానీ, చక్రాల మీద కప్పినట్టుండే అంచు లేదు. నిజమైన రైలింజన్‌కి ఆ అంచులు యుద్ధకాలంలో తీసేశారు, 1946లో నంబరు 7 అయింది. యుద్ధం తర్వాత మోడల్ కూడా అలాగే వచ్చింది. మరి ఇదేంటి? క్యాబ్ (డ్రైవరు గది) పక్కన నంబరు చుట్టూ రంగు మందంగా వేలికి తగులుతోంది. 7 చెరిపేసి 4498 వేశారా, లేక పాత బాడీకే అంచులు కోసేశారా? రంగు గీకకుండా తేల్చుకునే దారి చెప్పండి.

ఇంకోటి, 12 వోల్టులిచ్చినా నత్తనడకే, పైగా మోటారు వేడెక్కుతోంది. మోటారులోని గుర్రపునాడా ఆకారపు అయస్కాంతం బలం తగ్గిందేమో. హైదరాబాద్‌లో దాన్ని మళ్లీ ఛార్జ్ చేసేవాళ్లు ఎవరైనా తెలుసా?