మూత్రం కల్చర్ రిపోర్టులో ‘మళ్ళీ నమూనా పంపండి’ అని వచ్చింది. పొరపాటు ఎక్కడ జరిగింది?

ప్రశ్న: మా అమ్మకు 68 ఏళ్ళు, షుగర్ ఉంది. నాలుగు రోజులుగా మూత్రంలో మంట. డాక్టరు గారు కల్చర్ పరీక్ష (మూత్రంలోని క్రిములను ల్యాబులో పెంచి, అవేమిటో గుర్తించే పరీక్ష) రాశారు. ఉదయం 6 గంటలకు ఇంట్లో పట్టి, 10 గంటలకు ల్యాబులో ఇచ్చాను. మూడో రోజు ‘రకరకాల బ్యాక్టీరియా పెరిగింది, మళ్ళీ పంపండి’ అని రాసి ఇచ్చారు. అమ్మ మంటతో అల్లాడుతుంటే మూడు రోజులు వృథా అయ్యాయి. ఈసారి తప్పు జరగకూడదు, చెప్పండి.

ల్యాబ్ టెక్నీషియన్: ముందు ఒక్క మాట. చలితో జ్వరం, నడుము పక్కన నొప్పి, వాంతులు, మగతలో ఏది కనిపించినా రిపోర్టు కోసం ఆగకుండా ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. ఇక నమూనా సంగతి. దేనిలో పట్టారు?

ప్రశ్న అడిగినవారు: జ్వరం లేదండీ. అమ్మ మోకాళ్ళ నొప్పులతో వంగలేదు. అందుకని స్నానాల గది మగ్గు కడిగి అందులో పట్టి, ల్యాబు వారిచ్చిన డబ్బాలోకి వంచాం.

ల్యాబ్ టెక్నీషియన్: అదేనండీ కారణం. మగ్గు కంటికి శుభ్రంగానే కనిపిస్తుంది, కానీ దానికి అంటుకున్న క్రిములు మూత్రంలో కలిసిపోతాయి. పైగా నాలుగు గంటలు బయట ఉంచారు. అనువైన వేడిలో ఇ. కోలై అనే బ్యాక్టీరియా ఇరవై నిమిషాలకోసారి రెట్టింపవుతుంది. ఆ లెక్కన ఒక్క క్రిమి నాలుగు గంటల్లో నాలుగు వేలు దాటుతుంది. ఇక రోగం తెచ్చినదేదో, బయటి నుంచి చేరినదేదో మేమెలా విడదీయగలం?

ఈసారి అమ్మగారిని కమోడ్ కుర్చీ మీద కాళ్ళు ఎడంగా పెట్టి కూర్చోబెట్టండి. మీరు సబ్బుతో చేతులు కడుక్కోండి. మూత్రద్వారం దగ్గర ముందు నుంచి వెనక్కి మంచినీళ్ళతో కడిగి, శుభ్రమైన గాజుగుడ్డతో తుడవండి. అక్కడి చర్మాన్ని రెండు వేళ్ళతో విడదీసి పట్టుకుని, మొదట వచ్చే కొంచెం మూత్రాన్ని వదిలేయాలి. ద్వారం దగ్గరి క్రిములు దానితోనే కొట్టుకుపోతాయి. ధార ఆగకముందే డబ్బాను కిందకు చేర్చి 20 మిల్లీలీటర్లు పట్టండి, చివరి చుక్కలు వద్దు. డబ్బా అంచుకు చర్మం గానీ, మూత లోపలి వైపు వేళ్ళు గానీ తగలకూడదు. మూతను బోర్లించి పెట్టకండి.

పట్టిన సమయం డబ్బా మీద రాసి, గంటలోపు ల్యాబుకు చేర్చండి. కుదరకపోతే విడి సంచిలో ఫ్రిజ్‌లో పెట్టండి, గడ్డకట్టే అరలో మాత్రం వద్దు. యాంటీబయాటిక్ మొదలుపెట్టారా?

ప్రశ్న అడిగినవారు: నిన్న రాత్రి ఒక మాత్ర వేశాం.

ల్యాబ్ టెక్నీషియన్: మందు పేరు, వేసిన సమయం చీటీ మీద రాసి ఇవ్వండి. మందు పడ్డాక క్రిములు ఉన్నా కల్చర్‌లో పెరగకపోవచ్చు. అలాగని మీ అంతట మీరు మాత్ర ఆపకండి, డాక్టరు గారికి ఫోన్ చేసి అడగండి.

నర్సు: ఇది చదివే వారిలో మంచాన ఉన్నవారిని చూసుకునే వారు ఉంటే, మూత్రపు గొట్టం ఉన్నవారికి సంచిలోంచి నమూనా తీయకండి. అది గంటల తరబడి నిలిచిన మూత్రం. గొట్టం మీది ప్రత్యేక ద్వారాన్ని తుడిచి సిరంజితో తీయాలి, ఆ పని నర్సుతోనే చేయించండి.

ప్రశ్న అడిగినవారు: ఈ రోజు మీరు చెప్పినట్టే పట్టాం. 6:20కి పట్టి, 6:50కి ల్యాబులో ఇచ్చాను. మాత్ర ఆపవద్దన్నారు డాక్టరు గారు. రిపోర్టు రాగానే ఇక్కడ రాస్తాను.