కలంకారీ పనిని ముక్కలు చేసి పంచితే, చేసేవాళ్లకు దాంట్లో సంతోషం మిగుల్తుందా?

కరక్కాయ_గిన్నె
శ్రీకాళహస్తిలో ఇప్పుడు చాలా చోట్ల గీత గీసేది ఒకరు, పటిక పూసేది ఒకరు, ఉడకేసేది ఇంకొకరు. పని ఇట్లా పంచేది మంచి పెద్దరికం కాదంటా. ఎర్రరంగు పట్టేదానికి పూసే పటికనీళ్లు గుడ్డ మీద కంటికి సరిగా ఆనవు. ఎక్కడ పలచగా పడిందో, ఎక్కడ గీత దాటిందో మంజిష్ఠ వేరు వేసి ఉడకేసినాకే ఎర్రగా బయటపడుతుంది. పూసినామె ఆ పొద్దు కాగు దగ్గర ఉండదు. తన చేతిపని ఏమైందో చూడని మనిషికి పని మీద ఇష్టం యాడ పుడుతుంది?

గీతల_సామి
అన్నీ ఒకరే చేస్తే చీర పని ఎప్పటికి ముగుస్తుంది అనా? చింతబొగ్గుతో బొమ్మ దించడం కుదిరేదానికే ఏళ్లు పడుతుంది. వెదురు కలానికి చుట్టిన ఉన్నిని ఎంత నొక్కితే ఎంత కసిమి, అదే గీతకు వాడే నల్లరంగు, దిగుతుందో వేళ్లకు తెలియాల. ఎవరి చేతికి ఏది వస్తే అది ఇచ్చి, వారం వారం కూలి ఆపకుండా ఇచ్చేవాడే పెద్ద.

ఏర్పేడు_అబ్బి
కూలి టయానికి వస్తే సగం దిగులు పోతుంది.

పాతబెల్లం
అసలు కసిమే సరిగా ఊరనీయడం లేదు. బెల్లం, తుప్పు ఇనుము 21 రోజులు కుండలో ఉండాల్సిందే.

గీతల_సామి
ఎండాకాలం 15 చాలు.

పాతబెల్లం
చాలవు. గీత గోధుమరంగులో నిలిచిపోతుంది.

కరక్కాయ_గిన్నె
రోజుల లెక్క వదలండి. కరక్కాయ, బర్రెపాలు పట్టించిన గుడ్డముక్క మీద గీసి చూస్తే తెలిసిపోతుంది. పాలు సరిగా పట్టకుంటే గీత పాకుతుంది. ఇనుము మరీ ఎక్కువైతే కొన్నేళ్లకు గీత వెంబడే గుడ్డ చివికిపోతుంది. ఈ సంగతులు రంగులు నింపేవాళ్లకు ఎవరు చెప్తా ఉండారు? నేను అడిగేది అదే.

గీతల_సామి
చెప్తే ఏమవుతుందో నేను చెప్తా. గీత నేర్పినామె ఆరు నెలల్లో పక్కవీధిలో పని పెడుతుంది. అదే కొనేవాళ్లకు తక్కువకిస్తుంది. అప్పుడు ఈ షెడ్డు బాడుగ నువ్వు కడతావా?

కరక్కాయ_గిన్నె
ఇంతసేపూ టయిము లేదంటివి, ఇప్పుడు భయం అంటా ఉండావు. ఈ విద్య అడుగంటిన రోజుల్లో, 1950లలో చేతిపనుల కోసం పాటుపడిన కమలాదేవి చట్టోపాధ్యాయ చొరవతో మన ఊళ్లో శిక్షణ కేంద్రం పెట్టినారు. అప్పుడు నేర్పబట్టే ఇప్పుడు నీ చేతిలో కలముంది. 2008లో పద్మశ్రీ అందుకున్న జొన్నలగడ్డ గురప్పశెట్టి గారు బయటివాళ్లకు నేర్పలేదా? ఆయన పేరేమన్నా తగ్గిందా?

గీతల_సామి
పద్మశ్రీ వచ్చినవాళ్లతో నన్ను పోల్చొద్దు. నాకు నెలాఖరుకు దుడ్లు కావాల.

రంగులక్క
అనా, ఇద్దరూ మా గురించే మాట్లాడతా ఉండారు, మమ్మల్ని మాత్రం అడగలేదు. గీత రాకున్నా మాకు బాధ లేదు. చీర మూలన గీసినాయన పేరు ఉంటాది. దినాల తరబడి నడుం వంచి రంగు నింపినామె పేరు ఉండదు. ఇంకొకటి. స్వర్ణముఖిలో పారే నీళ్లు లేనప్పుడు తొట్టిలో జాడిస్తారు. మిగులు పటిక కొట్టుకుపోక తెల్లజాగాలోకి పాకుతుంది, ఉడకేసినాక అక్కడ ఎర్రమచ్చ. తప్పు జాడించే దగ్గర, మాట మాత్రం పూసినామెకు, కూలిలో కోత కూడా.

పాతబెల్లం
ఇది నిజం. తొట్టి నీళ్లు మూడు నాలుగు మార్లు మార్చాల. ఎవరూ మార్చరు.

గీతల_సామి
కోత తప్పే అక్కా, ఒప్పుకుంటా. పేరు సంగతి వేరే. పేరేస్తే కొనేవాళ్లు నేరుగా ఆమెకే ఫోను చేస్తారు.

కరక్కాయ_గిన్నె
చేయనీ! పేరు వాళ్లది కాదా? కనీసం ఇంత చెయ్యి: ఎవరు పటిక పూసిన గుడ్డను వాళ్లే జాడించేదాకా, ఉడికేదాకా చూసుకోనీ. మచ్చ ఎక్కడ పుట్టిందో వాళ్లకే తెలిసొస్తుంది.

రంగులక్క
మంచిమాటే అనా. మాకు మీటరు లెక్కన ఇస్తారు. కాగు దగ్గర నిలబడిన దినానికి కూలి ఎవరిస్తారో అది కూడా చెప్పండి.