పిల్లికి షుగర్: ఇంట్లో ఉన్న అత్తయ్యగారి సిరంజిలు వాడొచ్చా?

సత్యనారాయణపురం_లత (విజయవాడ):

అందరికీ నమస్కారం. మా బుజ్జిగాడికి తొమ్మిదేళ్లు. మగపిల్లి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయింది, బాగా బొద్దుగా ఉండేవాడు. ఈ మధ్య మూడు పూటలా తింటూనే చిక్కిపోతున్నాడు, గిన్నెలో నీళ్లు ఎన్ని పోసినా ఖాళీ. బాత్రూమ్ మూల వాడు పోసిన చోట చీమలు పడుతుంటే మా అత్తయ్యే ముందు అంది, "వీడికీ నా జబ్బే వచ్చిందే" అని. టెస్ట్ చేయిస్తే 410. క్లినిక్‌లో భయపడినా పిల్లులకి షుగర్ పెరుగుతుందట, అందుకని డాక్టర్ గత కొన్ని వారాల సగటు షుగర్ చెప్పే ఫ్రక్టోసమీన్ టెస్ట్ కూడా రాశారు. అందులోనూ ఎక్కువే. గ్లార్జిన్ ఇన్సులిన్ పొద్దున ఒక యూనిట్, రాత్రి ఒక యూనిట్ వేయమన్నారు.

ఇప్పుడు నా టెన్షన్ ఏంటంటే, అత్తయ్య 30/70 అనే, రెండు రకాలు కలిపిన ఇన్సులిన్ వాడుతుంది. దాని ఎర్ర మూత సిరంజిలు ఇంట్లో పెట్టెడు ఉన్నాయి. మందుల షాపులో అడిగితే "ఏ సిరంజి అయినా ఒకటేనండీ" అన్నాడు. వాటితో వేయొచ్చా? అసలు అత్తయ్య మందే వాడికీ వేస్తే తప్పా? ఇంకోటి, వాడికి చిన్నప్పటి నుంచీ పెరుగన్నం అలవాటు, పైన డ్రై ఫుడ్. రేపు ఇంజెక్షన్ మొదలుపెట్టేటప్పుడే అవన్నీ మానిపించి ఒట్టి చికెన్ పెట్టేద్దామా అనుకుంటున్నా.

గోదారి_గట్టు:

ఇన్సులిన్ ఒకసారి పట్టిస్తే ఇక జీవితాంతమే అండీ. మా నాన్నగారికి కాకరకాయ రసం, మెంతులతో కంట్రోల్‌లోకి వచ్చింది. పిల్లికి కూడా ఓ చెంచా పట్టించి చూడండి, పోయేదేముంది.

రిటైర్డ్_ఫార్మసిస్ట్_కాకినాడ:

పోయేది పిల్లేనండీ గోదారి గారూ. చిక్కిపోతున్న పిల్లికి వారం పాటు రసాలు పట్టిస్తూ కూర్చుంటే కీటోన్లు (కొవ్వు కరిగేటప్పుడు పుట్టే ఆమ్లాలు) పెరిగి, తిండి మానేసి, వాంతులతో ఎమర్జెన్సీకి వస్తుంది. జీవితాంతం అన్న మాట కూడా పిల్లుల విషయంలో నిజం కాదు. తొందరగా ఇన్సులిన్ మొదలుపెట్టి, పిండిపదార్థం తగ్గిస్తే కొన్ని పిల్లులకి కొన్ని నెలల్లో ఇన్సులిన్ అవసరమే లేకుండా పోతుంది. మా రాణి అలా బయటపడిన పిల్లే.

లతమ్మా, ముందు ఆ ఎర్ర మూత సిరంజి పక్కన పెట్టండి. మిగతావన్నీ తర్వాత. నేను ప్రభుత్వాసుపత్రి మందుల కౌంటర్లో ఉద్యోగమంతా చేసినవాణ్ని, మనుషుల్లోనే ఈ గందరగోళం ఎంత చూశానో. మన దగ్గర వయల్‌లో (చిన్న సీసాలో) వచ్చే 30/70 ఎక్కువగా ఎం.ఎల్.కి 40 యూనిట్లు. ఎర్ర మూత సిరంజి దాని కోసం. గ్లార్జిన్ ఎం.ఎల్.కి 100 యూనిట్లు, దానికి నారింజ రంగు మూత సిరంజి. మీరు ఎర్ర మూత సిరంజిలో గ్లార్జిన్‌ని ఒక గీత దాకా లాగితే వాడి ఒంట్లోకి వెళ్లేది ఒకటి కాదు, రెండున్నర యూనిట్లు. ఐదారు కిలోల ప్రాణికి అది ఆటలు కాదు. షుగర్ 400 ఉన్నా ఇవాళే కొంపలు మునిగిపోవు గానీ, 40కి పడిపోతే గంటల్లో ఫిట్స్ రావొచ్చు. అందుకే నా భయమంతా తక్కువ షుగర్ గురించే.

నారింజ మూతలో కూడా ఒక ఎం.ఎల్. సిరంజి ఇస్తే తీసుకోకండి. అందులో గీతకి రెండు యూనిట్లు ఉంటాయి, ఒకటి కొలవడం కళ్లజోడు పెట్టుకున్నా కష్టం. 0.3 ఎం.ఎల్.ది అడగండి, అర యూనిట్ గీతలు ఉన్నది దొరికితే ఇంకా మంచిది. గ్లార్జిన్ కూడా పది ఎం.ఎల్. వయల్ కొనకండి. తెరిచాక 28 రోజులే అని లేబుల్ మీదే ఉంటుంది, మీవాడికి ఆ రోజుల్లో పట్టేది 56 యూనిట్లు, అంటే అర ఎం.ఎల్. పైచిలుకు. ఇన్సులిన్ పెన్నులో వేసే మూడు ఎం.ఎల్. కార్ట్రిడ్జ్ తీసుకున్నా చాలావరకు పారేసేదే. అత్తయ్యగారి మందు మాత్రం వద్దు. మనుషుల భోజనం వేళలకి కలిపిన మందు అది, పిల్లిలో గబుక్కున దించేసి, పన్నెండు గంటలు కాకముందే వదిలేస్తుంది. ఫ్రిజ్‌లో రెండూ పక్కపక్కన పెట్టకండి, వేరే డబ్బాలో పెట్టి పేరు రాయండి. అత్తయ్యగారి కోసం కూడా చెబుతున్నా.

తిండి సంగతి. మీ ఆలోచన మంచిదే, కానీ రెండూ ఒకే రోజు చేయొద్దు. పెరుగన్నం, డ్రై ఫుడ్ తీసేస్తే ఇన్సులిన్ అవసరం ఒక్కసారిగా తగ్గిపోతుంది. మీరు అదే డోసు వేస్తూ పోతే షుగర్ పడిపోతుంది. డాక్టర్‌కి చెప్పి, రోజూ షుగర్ చూసుకుంటూ, వారం పది రోజుల్లో మెల్లగా మార్చండి. డ్రై ఫుడ్ ప్యాకెట్ వెనక చూడండి: ప్రొటీన్ 32, కొవ్వు 10, ఫైబర్ 4, తేమ 10, బూడిద (అంటే ఖనిజాలు) 8 అని ఉందనుకోండి, కలిపితే 64. మిగిలిన 36 శాతం పిండిపదార్థమే, లేబుల్ మీద మాత్రం ఆ ముక్క రాయరు. తడి ఆహారంలో కూడా గ్రేవీ రకాల్లో పిండి కలుపుతారు, ముద్దలా ఉండేవి నయం. చికెన్ పెట్టండి, కానీ ఒట్టి చికెన్ మీద నెలల తరబడి నడవదు, కాల్షియం ఉండదు. టారిన్ అనే పోషకం కోసం కోడి గుండెకాయలు కలిపి, ఉడికించిన నీళ్లతో సహా పెట్టండి. ఉల్లి, వెల్లుల్లి పడకూడదు.

షుగర్ చూడటానికి చెవి చాలు. ఒక సాక్సులో గుప్పెడు బియ్యం పోసి ముడేసి, కాస్త వేడి చేసి చెవికి ఆనించి పట్టుకోండి. అంచు వెంట సన్నటి నరం ఎర్రగా కనిపిస్తుంది. వెనక దూది అడ్డం పెట్టి, నరాన్ని కాకుండా దాని పక్కన, అంచుకి దగ్గరగా గుచ్చాలి. ముందే ఆ చోట వాజలైన్ పల్చగా రాస్తే రక్తం జుట్టులోకి పాకకుండా గుండ్రంగా నిలుస్తుంది. స్ట్రిప్ ఆనించి, అయ్యాక అరనిమిషం నొక్కి పట్టుకుని, వెంటనే ఒక చికెన్ ముక్క. మా రాణి తర్వాత్తర్వాత గ్లూకోమీటర్ డబ్బా చప్పుడికే పరిగెత్తుకొచ్చేది, సిగ్గులేనిది. మనుషుల మీటర్ పిల్లుల్లో సాధారణంగా అసలు కంటే కాస్త తక్కువ చూపిస్తుంది, కాబట్టి ఎప్పుడూ ఒకే మీటర్‌తో పోల్చుకోండి. కొత్తలో మా డాక్టర్ పెట్టిన షుగర్ హద్దు 150. అంతకంటే తక్కువ ఉంటే ఇంజెక్షన్ వేయకుండా ఆయనకి ఫోన్ చేయాలి. మీవాడి హద్దు మీ డాక్టర్ని అడిగి రాయించుకోండి.

ఒక ప్రశ్న. ఈ మధ్య దురదలకో నోటి పుళ్లకో నెలల తరబడి పనిచేసే స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఏమైనా వేయించారా? దానివల్ల కూడా షుగర్ రావొచ్చు, అందుకే అడుగుతున్నా.

ఫ్రిస్కో_శిరీష (టెక్సస్):

ఫార్మసిస్ట్ గారు చెప్పినదంతా అక్షరాలా నిజం. నేను చెవి గుచ్చలేక మా పిల్లికి లిబ్రే అనే షుగర్ చూపించే సెన్సర్ పెట్టించాను. పక్కటెముకల దగ్గర జుట్టు తీసి అంటిస్తారు, ఫోన్‌లో చూసుకోవచ్చు. పేరుకి 14 రోజులు, మా గుంట అంతకుముందే పీకి పారేస్తుంది. ఇక్కడ 2022 డిసెంబర్‌లో బెక్సాకాట్ మాత్రకి, 2023లో సెన్వెల్గో అనే నోట్లో పోసే మందుకి, రెండూ పిల్లుల షుగర్‌కే, ఎఫ్‌డీఏ (అమెరికా మందుల నియంత్రణ సంస్థ) అనుమతి వచ్చింది. ఇంజెక్షన్ ఉండదని అందరికీ ఆశ. అయితే అప్పటికే ఇన్సులిన్ మీద ఉన్న పిల్లికి ఇవ్వకూడదు, తిండి మానేసిన పిల్లికీ ఇవ్వకూడదు. షుగర్ నంబర్ బాగానే కనిపిస్తూ లోపల కీటోన్లు పెరిగిపోవచ్చు. కాబట్టి ఇండియా వచ్చే చుట్టాలెవరైనా సూట్‌కేస్‌లో తెచ్చిపెడతామంటే మొహమాటపడి తీసుకోకండి.

సత్యనారాయణపురం_లత:

బాబాయ్ గారూ, మీకు ఎన్ని నమస్కారాలు పెట్టినా తక్కువే. పొద్దున్నే నాలుగు షాపులు తిరిగాం, 0.3 సిరంజిలు దొరికాయి. అవును, ఎండాకాలంలో దురదలకని ఒక క్లినిక్‌లో రెండు ఇంజెక్షన్లు వేశారు, షుగర్ మాట ఎవరూ చెప్పలేదు. ఇప్పటి డాక్టర్‌తో అంటే ఆ బిల్లు తెమ్మన్నారు. చికెన్ సంగతీ చెప్పాను, మెల్లగానే మార్చమన్నారు.

మొదటి ఇంజెక్షన్ అయింది. వాడు తింటుంటే నడుం పక్కన చర్మం గుడారంలా పైకెత్తి వేశాను, తల కూడా ఎత్తలేదు. రాత్రి మాత్రం జారింది, జుట్టు తడిగా అనిపించింది. సగం బయటికి పోయిందేమో, మళ్లీ వేయనా? ఇంకా, వాడు వెనక కాళ్ల మడమలు నేలకి ఆనించి కుందేలులా నడుస్తున్నాడు, అది కూడా షుగర్ వల్లేనా? సంక్రాంతికి పామర్రు వెళ్లాలి, ఒక పూట తప్పితే ఏమవుతుంది?

రిటైర్డ్_ఫార్మసిస్ట్_కాకినాడ:

వద్దు. వెళ్లిందో లేదో అనుమానం వస్తే వెళ్లిందనే అనుకుని ఊరుకోవాలి. మళ్లీ వేయడం ఎప్పుడూ లేదు. ఒక పూట తప్పినా అంతే, తర్వాతి పూట మామూలు డోసే, రెండూ కలిపి వేయకూడదు.

ఆ నడక షుగర్ నరాల మీద చేసే పనే. షుగర్ అదుపులోకి వస్తే చాలా పిల్లులు తిరిగి నిలబడతాయి గానీ నెలలు పడుతుంది. బి12 ఇవ్వొచ్చేమో డాక్టర్ని అడగండి. నంబర్ దిగలేదని రెండో రోజే డోసు పెంచకండి, కనీసం వారం చూడందే ఆయనా పెంచరు.

తూలడం, వణకడం, పిలిచినా పలకకపోవడం కనిపిస్తే ముందు షుగర్ చూడండి. మీటర్ దగ్గర లేకపోతే దాని కోసం వెతుక్కోకుండా తేనె గానీ తడిపిన గ్లూకోజ్ పొడి గానీ చిగుళ్లకి రాసి, ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఫిట్స్‌లో ఉంటే నోట్లో నీళ్లు పోయొద్దు, వేలు పెట్టొద్దు. రాత్రిపూట తెరిచి ఉండే ఆసుపత్రి నంబర్ ఫ్రిజ్ తలుపు మీద అంటించండి. పామర్రు వెళ్లేటప్పుడు దారిలో గన్నవరం వైపు తిరిగితే వెటర్నరీ కాలేజీ ఉంది, అది కూడా గుర్తుంచుకోండి. మందుని ఐస్‌కి నేరుగా తగలకుండా టవల్లో చుట్టి పట్టుకెళ్లండి, గడ్డకట్టిన ఇన్సులిన్ ఎందుకూ పనికిరాదు. ఊళ్లో ఎవరూ ముద్దుకి అరిసె ముక్క పెట్టకుండా చూసుకోండి, ముఖ్యంగా అత్తయ్యగారు.